మౌలాలి గుట్ట కింద పాటల బడి

ఈ ఎపిసోడ్ బడిలో నేర్పే పాట గురించి.

ముందుగా ఒక ప్రశ్న. హైస్కూల్ పిల్లలకి సంగీతం నేర్పాలంటే ఎవరి సంగీతం నేర్పాలి? మన తార్నాక, మౌలాలి చుట్టుపక్కల ఏ తొమ్మిదో తరగతి గదిలోకైనా తొంగి చూడండి. ఒక పిల్ల ఇంట్లో బతుకమ్మ పాట వినిపిస్తుంది. ఇంకో పిల్లాడి ఇంట్లో మొహర్రం రోజుల్లో నౌహాలు వినిపిస్తాయి. ఒకరింట్లో చర్చి కీర్తనలు, ఒకరింట్లో పని కోసం బీహార్ నుంచి వచ్చిన నాన్న ఫోన్‌లో భోజ్‌పురి పాటలు. అందరూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. టీచర్ ఏం పాడించాలి?

"మల్టీకల్చరల్ మ్యూజిక్" అనగానే ఇదేదో విదేశాల నుంచి దిగిన కొత్త సరుకు అనుకుంటాం. అక్కడి బడుల్లో ఆఫ్రికా డప్పులు, మెక్సికో పాటలు కలిపి నేర్పుతారట, మనకెందుకులే అనుకుంటాం. కానీ తార్నాక నుంచి నాలుగైదు కిలోమీటర్లు వెళ్తే, మౌలాలి గుట్ట కింద ఒక సమాధి ఉంది. రెండు వందల ఏళ్ళ కిందట మీ వయసు ఆడపిల్లలకి రకరకాల సంగీతాలు నేర్పించిన మనిషి అందులో ఉంది. ఆమె పేరు మహ్ లఖా బాయి చందా.

ఈ ఎపిసోడ్ అంతా మూడు ప్రశ్నలు పట్టుకుని నడుద్దాం. ఎవరు నేర్పారు? డబ్బు ఎవరు పెట్టారు? నేర్చుకునే హక్కు ఎవరికి దొరికింది? "హైదరాబాద్ అంటేనే గంగా జమునీ తహజీబ్" అని మనం గర్వంగా చెప్పుకుంటాం. రెండు నదులు కలిసినట్టు సంస్కృతులు వాటంతట అవే కలిసిపోయాయి అన్నట్టు చెప్తాం. నదులు కలవడానికి టీచర్ అక్కర్లేదు. పాటలు కలవాలంటే మాత్రం ఎవరో ఒకరు కూర్చుని నేర్పాలి, ఆ నేర్పేవాళ్ళకి ఎవరో ఒకరు జీతం ఇవ్వాలి. నేను చెప్పాలనుకున్నది అదే.

ముందు ఊరి సంగతి. మౌలాలి అంటే మౌలా అలీ. ఆ గుట్ట మీద దర్గా ఉంది కదా, దాని కథ కుతుబ్ షాహీల కాలం నాటిది. 1578లో, ఇబ్రహీం కుతుబ్ షా పాలనలో, యాఖూత్ అనే దర్బారు సేవకుడికి కల వచ్చిందని చెప్తారు. ఆకుపచ్చ బట్టలు కట్టుకున్న మనిషి అతన్ని పిలిచి ఈ గుట్ట మీదికి తీసుకెళ్ళాడట. అక్కడ హజ్రత్ అలీ ఒక బండ మీద చెయ్యి ఆనించి కూర్చుని కనిపించాడట. పొద్దున్నే వెళ్ళి చూస్తే బండ మీద ఆ చెయ్యి గుర్తు ఉందని కథ. అప్పటి నుంచి ఇప్పటి దాకా ముస్లింలు, హిందువులు మొక్కుకోవడానికి ఆ మెట్లు ఎక్కుతూనే ఉన్నారు. రజబ్ నెలలో ఉర్సు జరుగుతుంది.

మహ్ లఖా కథ కూడా ఈ గుట్టతోనే మొదలవుతుంది. ఆమె 1768లో ఔరంగాబాద్‌లో పుట్టింది. చిన్నప్పటి పేరు చందా. తల్లి రాజ్ కున్వర్ బాయి కుటుంబానిది గుజరాత్. కష్టాలు వచ్చి, ఊళ్ళు తిరుగుతూ పాడే ఆడే భగతియా కళాకారులతో కలిసి దక్కన్ దాకా వచ్చారు. రాజ్ కున్వర్ గర్భవతిగా ఉన్నప్పుడు మౌలాలి దర్గాకి మొక్కుకుందని, బిడ్డ దక్కిందని కుటుంబ కథనం. మహ్ లఖా తర్వాత ఉర్దూలో గజళ్ళు రాసింది. వాటిలో చివరి ద్విపద దగ్గరికి వచ్చేసరికి మౌలా అలీని తలుచుకోవడం ఆమె అలవాటు. గుట్ట మీద మొక్కు, గజల్‌లో పేరు. ఆ బంధం అలాంటిది.

ఆమె వృత్తి ఏంటి? తవాయఫ్. ఈ మాట వినగానే సినిమాల్లో చూసిన బొమ్మ గుర్తొస్తుంది మనకి. ఆ కాలంలో తవాయఫ్ అంటే దర్బారులో పాట, నాట్యం, కవిత్వం, మాట తీరు అన్నిట్లో శిక్షణ పొందిన వృత్తి కళాకారిణి. రెండో నిజాం నిజాం అలీ ఖాన్, మూడో నిజాం సికందర్ జా కాలాల్లో ఆమె దర్బారులో ఉంది. యుద్ధయాత్రల్లో కూడా నిజాం వెంట వెళ్ళింది. "మహ్ లఖా" అనేది దర్బారు ఇచ్చిన బిరుదు. చంద్రుడి లాంటి ముఖం గలది అని అర్థం. బిరుదుతో పాటు భూములు కూడా వచ్చాయి. ఈ భూముల మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తా.

ఆమెకి సంగీతం ఎవరు నేర్పారు? ఉస్తాద్ పేరు ఖుష్‌హాల్ ఖాన్ "అనూప్". ఢిల్లీ మొఘల్ దర్బారులో తరతరాలుగా పాడిన కళావంతుల వంశం వాడు. ఢిల్లీ దెబ్బతింటుంటే అక్కడి కళాకారులు లక్నోకి, హైదరాబాద్‌కి, ఇంకా దూరాలకి వెళ్ళారు. పని వెతుక్కుంటూ వలస వచ్చినవాళ్ళు అన్నమాట. అలా వలస వచ్చిన సంగీతం ఇక్కడ బడి అయ్యింది. ఖుష్‌హాల్ ఖాన్ పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో "రాగ దర్శన్" అనే సంగీత గ్రంథం రాశాడు. పారసీ తెలిసినవాడు, బ్రజ భాషలో పాటలు కట్టినవాడు. శిష్యురాలేమో ఉర్దూలో కవిత్వం చెప్పింది. చుట్టూ బజారులో తెలుగు, మరాఠీ, కన్నడం. ధ్రుపద్, ఖయాల్, టప్పా, గజల్ లాంటి వేరు వేరు పద్ధతులు ఒకే గొంతులోకి వచ్చాయి. టప్పా పుట్టిన చోటు పంజాబ్. ధ్రుపద్ గ్వాలియర్, ఆగ్రా వైపు దర్బారుల్లో పెరిగింది. గజల్ పారసీ నుంచి వచ్చింది. ఇదంతా మూసీ ఒడ్డున ఒక పిల్ల నేర్చుకుంది. ఎవరూ దానికి మల్టీకల్చరల్ అని పేరు పెట్టలేదు. సిలబస్ అంతే.

ఆమె నేర్చుకుని ఊరుకోలేదు. తన ఇంట్లో ఆడపిల్లల్ని పెంచి వాళ్ళకి పాట, నాట్యం నేర్పించింది. దాదాపు 300 మంది అని చెప్తారు. ఉస్తాదుల్ని పెట్టింది, పుస్తకాలు సేకరించింది, చరిత్ర రాయించింది. ఆమె రాయించిన చరిత్ర పుస్తకం గులాం హుస్సేన్ ఖాన్ జౌహర్‌ది. డబ్బు జాగీరుల మీద వచ్చిన ఆదాయం. అంటే మన మూడు ప్రశ్నల్లో రెండింటికి జవాబు దొరికింది. నేర్పింది వలస వచ్చిన ఉస్తాద్, ఆయన చేతిలో తయారైన శిష్యురాలు. డబ్బు పెట్టింది ఆ శిష్యురాలే.

మూడో ప్రశ్న, నేర్చుకునే హక్కు ఎవరికి? ఇక్కడ కొంచెం ఆగాలి. ఆహా ఎంత గొప్ప బడి అని చప్పట్లు కొట్టే ముందు ఆ పిల్లల గురించి ఆలోచించండి. ఆ కాలంలో ఇలాంటి బృందాల్లోకి పిల్లలు ఇష్టపడి అడ్మిషన్ తీసుకుని రాలేదు. అమ్మానాన్న లేకనో, కరువు వల్లనో, డబ్బుకి చేతులు మారో వచ్చేవాళ్ళు. పాట వాళ్ళకి హాబీ కాదు, బతుకుతెరువు. పొద్దున్నే లేచి గొంతు సాధన చేయడం వాళ్ళ పని. దర్బారు పిలిస్తే పాడాలి. వద్దనే స్వేచ్ఛ ఎంత ఉందంటే, చాలా తక్కువ. మహ్ లఖా పేరు మిగిలింది, కవిత్వం మిగిలింది, సమాధి మిగిలింది. ఆ 300 మందిలో ఒక్క పిల్ల పేరు కూడా మన నోట్లో లేదు. ఈ రెండు నిజాలూ కలిపి చెప్తేనే చరిత్ర అవుతుంది. గొప్ప చదువు, తక్కువ స్వేచ్ఛ.

మీకు కాలం అందడానికి ఒక లెక్క. మహ్ లఖా 1768 నుంచి 1824 వరకు బతికింది. త్యాగరాజు 1767లో పుట్టాడు, ఆమె కంటే ఒక్క ఏడాది పెద్ద. ముత్తుస్వామి దీక్షితర్ 1775. జర్మనీలో బీథోవెన్ 1770. నలుగురూ ఒకే తరం. ఒకరి పేరు ఒకరు విని ఉండకపోవచ్చు. కానీ నలుగురి చుట్టూ సంగీతాలు సరిహద్దులు దాటుతున్న కాలమే అది.

దీక్షితర్‌నే చూడండి. మద్రాసు కోటలో ఇంగ్లీషు వాళ్ళ బ్యాండు వాయించే ట్యూన్లు విని, వాటికి సంస్కృతంలో సాహిత్యం రాశాడు. వాటినే నొట్టుస్వరాలు అంటారు. "సంతతం పాహిమాం" అనే పాట ట్యూను ఏదో తెలుసా? బ్రిటన్ వాళ్ళ జాతీయగీతం, గాడ్ సేవ్ ది కింగ్. ఇవాళ తార్నాకలో కర్ణాటక సంగీతం క్లాసుకి వెళ్ళే చిన్నపిల్లలు మొదటి ఏడాదే నొట్టుస్వరాలు నేర్చుకుంటారు. "మన శుద్ధ సంప్రదాయం" అనుకుంటూ నేర్చుకునే పాటలో ఇంగ్లీషు బ్యాండు ఉంది. దీక్షితర్ తమ్ముడు బాలుస్వామి అదే రోజుల్లో యూరప్ వయొలిన్ పట్టుకుని కర్ణాటక సంగీతంలోకి తెచ్చాడు. ఇప్పుడు వయొలిన్ లేని కచేరీ ఊహించుకోండి చూద్దాం. కష్టం కదా.

మళ్ళీ మౌలాలికి వద్దాం. 1792లో మహ్ లఖా తన తల్లికి గుట్ట కింద సమాధి కట్టించింది. నాలుగు భాగాల తోట, మధ్యలో సమాధి. 1824లో ఆమె చనిపోయాక తల్లి పక్కనే పెట్టారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ చోటుని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 2010-11 ప్రాంతంలో అమెరికా ప్రభుత్వ నిధులతో బాగు చేశారు. మన ఊరి పాటల బడి పెద్దమ్మ సమాధికి అక్కడి నుంచి డబ్బు రావాల్సి వచ్చింది అంటే, మనం ఆమెని ఎంతగా మర్చిపోయామో అర్థం చేసుకోవచ్చు.

ఎందుకు మర్చిపోయాం? ఆమె గొప్పదనం తక్కువై కాదు. పంతొమ్మిదో శతాబ్దం చివరికి వచ్చేసరికి దేశమంతా గాలి మారింది. పాడే ఆడే ఆడవాళ్ళంటే చెడ్డవాళ్ళు అనే మాట బలపడింది. ఆంధ్ర ప్రాంతంలో కందుకూరి వీరేశలింగం లాంటి సంస్కర్తలు భోగం మేళాలకి వ్యతిరేకంగా గట్టిగా రాశారు, మాట్లాడారు. ఆ వ్యవస్థలో ఆడపిల్లలకి జరిగిన అన్యాయం నిజమే, ఇందాక మనమే చెప్పుకున్నాం. కానీ అన్యాయాన్ని తీసేయబోయి ఆ ఆడవాళ్ళ విద్యని కూడా అవమానించారు. పాట మాత్రం "మర్యాదస్తుల" ఇళ్ళలోకి, సభల్లోకి, కాలేజీల్లోకి వెళ్ళింది. పాట కావాలి, నేర్పినవాళ్ళు వద్దు. ఇదీ జరిగింది.

బెంగళూరు నాగరత్నమ్మ కథ దీనికి జవాబు లాంటిది. దేవదాసి కుటుంబంలో పుట్టిన విద్వాంసురాలు. తిరువయ్యూరులో త్యాగరాజ సమాధి పాడుబడి ఉందని తెలిసి, తన సంపాదన పెట్టి అక్కడ గుడి కట్టించింది. 1920ల సంగతి ఇది. అప్పట్లో ఆ ఆరాధనలో ఆడవాళ్ళని పాడనిచ్చేవాళ్ళు కాదు. గుడి కట్టించిన మనిషికే పాడే చోటు లేదు! ఆమె ఆడవాళ్ళ బృందాన్ని విడిగా కూడగట్టి పాడించింది. ఇవాళ ప్రతి ఏటా టీవీలో పంచరత్న కీర్తనలు వందల గొంతులు కలిసి పాడటం చూస్తాం. అందులో ఆడవాళ్ళ గొంతు వినిపిస్తోందంటే వెనక ఆమె పోరాటం ఉంది.

ఇప్పుడు భూముల సంగతి. మహ్ లఖా జాగీరుల్లో అడిక్‌మెట్ ఒకటి. అవును, తార్నాక పక్కన ఉన్న అడిక్‌మెటే. ఆ నేల తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయం ప్రాంగణంలో కలిసింది. క్యాంపస్‌లో ఇఫ్లూ వైపు ఆమె పేరుతో పిలిచే పాత మెట్లబావి ఇప్పటికీ ఉంది. పాటతో సంపాదించిన నేల మీద యూనివర్సిటీ లేచింది. ఆ దారిలో రోజూ నడిచే వేలమంది స్టూడెంట్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

యూనివర్సిటీ 1918లో మొదలైంది. ఉన్నత చదువంతా ఉర్దూలో. మనందరం ఫోటోలు దిగే ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో తెరిచారు. ఆ భవనం చూస్తే రకరకాల శైలులు కలిసి కనిపిస్తాయి. రాయిలో కలపడం కుదిరింది. పాటలో కుదిరిందా? సరిగ్గా ఆ భవనం తెరవడానికి ఏడాది ముందు, 1938లో, హాస్టల్‌లో హిందూ విద్యార్థులు వందేమాతరం పాడారు. అధికారులు వద్దన్నారు. విద్యార్థులు ఆపలేదు, సమ్మె మొదలైంది, వందల మందిని యూనివర్సిటీ నుంచి పంపేశారు. చాలామంది నాగపూర్ వెళ్ళి చదువు పూర్తి చేసుకున్నారు. వాళ్ళలో ఒకరు పి.వి. నరసింహారావు, తర్వాత దేశ ప్రధానమంత్రి.

ఈ కథని ఒక వైపు నుంచే చెప్పడం తేలిక. కానీ ఆ పాట గురించి అప్పటికే దేశంలో చర్చ నడుస్తోంది. కొన్ని చరణాలు తమ విశ్వాసానికి ఒప్పవని చాలామంది ముస్లింలు చెప్పారు. 1937లోనే కాంగ్రెస్ మొదటి రెండు చరణాలు పాడితే చాలని తీర్మానించింది. అంటే ఒకరికి ప్రాణం లాంటి పాట, ఇంకొకరికి ఇబ్బంది. దాని గురించి కూర్చుని మాట్లాడుకునే క్లాసు ఆ క్యాంపస్‌లో లేదు. నిషేధం ఉంది, సమ్మె ఉంది. పాట గురించి చదువు లేని చోట పాట గొడవ అవుతుంది. నేను ఈ చరిత్ర నుంచి నేర్చుకున్న ముఖ్యమైన పాఠం ఇది.

గొడవ కాకుండా పాఠం అయిన చోటు ఒకటి చెప్తా. క్యాంపస్ నుంచి దూరం, చిత్తూరు వైపు మదనపల్లె. 1915లో అనీ బిసెంట్ అక్కడ థియొసాఫికల్ కాలేజీ పెట్టింది. ఐర్లండ్ నుంచి వచ్చిన జేమ్స్ కజిన్స్ అక్కడ ప్రిన్సిపాల్. ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ సంగీతంలో డిగ్రీ చేసిన మనిషి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడికి వచ్చి కొన్ని రోజులున్నాడు. ఒక సాయంత్రం విద్యార్థుల ముందు ఒక బెంగాలీ పాట పాడాడు, జనగణమన. అప్పటికి అది జాతీయగీతం కాదు. పిల్లలకి తెగ నచ్చింది. ఠాగూర్ అక్కడే దాన్ని ఇంగ్లీషులోకి మార్చాడు. మార్గరెట్ పాట విని, పిల్లలతో పాడించి, స్వరాలు కాగితం మీద రాసింది. ఆ పాట 1950 జనవరి 24న జాతీయగీతం అయ్యింది.

ఆలోచించండి. పాట బెంగాల్‌ది. స్వరాలు రాసింది ఐరిష్ టీచర్. గొంతులు కలిపింది రాయలసీమ పిల్లలు. ఇంతకంటే మల్టీకల్చరల్ క్లాసు ఎక్కడ దొరుకుతుంది? అక్కడ పని చేసిందేంటి? విన్నారు, అర్థం అడిగారు, రాసుకున్నారు, కలిసి పాడారు. ఈ నాలుగు మెట్లూ ఉంటే ఏ పాటైనా నేర్పవచ్చు.

అదే 1919లో విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల మొదలైంది. మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. ఆయన ఉమర్ ఖయ్యాం రుబాయీలని తెలుగులోకి, సంస్కృతంలోకి తెచ్చాడు. పారసీ కూడా నేర్చుకున్న మనిషి. అక్కడ వయొలిన్ నేర్పింది ద్వారం వెంకటస్వామి నాయుడు. తర్వాత ఘంటసాల చదివింది కూడా అక్కడే. అక్కడ డబ్బు పెట్టింది సంస్థానం. చూశారా, మళ్ళీ అదే లెక్క. నేర్పేవాళ్ళు, డబ్బు పెట్టేవాళ్ళు ఉన్న చోటే కలగలుపు నిలబడింది.

మరి ఇవాళ్టి హైస్కూల్ సంగతేంటి? కాగితం మీద అంతా ఉంది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పదో తరగతి దాకా కళలు తప్పనిసరిగా ఉండాలంది. మన బడుల్లో "కళ, సాంస్కృతిక విద్య" అనే సబ్జెక్టుకి గ్రేడు కూడా వేస్తారు. 2020 జాతీయ విద్యా విధానం కళని మిగతా సబ్జెక్టులతో కలపమంది. కానీ మీరే చెప్పండి, పదో తరగతిలో మీకు మ్యూజిక్ పీరియడ్ ఎన్నిసార్లు జరిగింది? గ్రేడు వచ్చింది, పాట రాలేదు. టైంటేబుల్‌లో ఉన్న పీరియడ్ లెక్కల సార్ తీసుకుంటాడు. ఎక్కువ బడుల్లో సంగీతం టీచర్ పోస్టే ఉండదు. ఆగస్టు పదిహేనుకి ముందు వారం రోజులు రిహార్సల్, అంతే. రెండు వందల ఏళ్ళ కిందట ఒక తవాయఫ్ తన జాగీరు డబ్బుతో చేసిన పని, ఇవాళ మనం అందరం కలిసి చేయలేకపోతున్నాం.

ఒకసారి పరిచయం ఉన్న ఒక టీచర్ పిలిస్తే తొమ్మిదో తరగతికి వెళ్ళి ఒక గంట మాట్లాడాను. నేను పాటగాణ్ణి కాను, చరిత్ర చెప్పేవాణ్ణి. ఫోన్‌లో కీబోర్డ్ యాప్ తెరిచి స రి గ ప ద అని ఐదు స్వరాలు నొక్కాను. కర్ణాటక సంగీతంలో ఇది మోహనం. హిందుస్తానీలో ఇవే స్వరాలతో భూపాలీ. ఇవే ఐదు స్వరాల మీద చైనాలో జానపద పాటలున్నాయి. స్కాట్లండ్ వాళ్ళు కొత్త సంవత్సరం రాత్రి పాడే "ఆల్డ్ లాంగ్ సైన్" కూడా ఇవే స్వరాల మీద నడుస్తుంది. ఆ ట్యూనుకి ఠాగూర్ బెంగాలీలో పాట రాశాడు. ఇదంతా చెప్తుంటే వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచి, "సార్, మా నానమ్మ పాడే పాట గూడ ఇట్లనే ఉంటది" అంది. పాడమన్నాను. పాడింది. అందులో ఆ ఐదింటికి తోడు ఇంకో స్వరం వచ్చింది. "మరి ఇది ఎక్కడ్నించి వచ్చింది?" అని పక్కనున్న అబ్బాయి అడిగాడు. ఆ ప్రశ్నతో మిగతా అరగంట గడిచిపోయింది. క్లాసు అంటే అదే.

అక్కడి నుంచి నాకు అర్థమైన కొన్ని సంగతులు టీచర్ల కోసం, మీలో టీచర్ కాబోయేవాళ్ళ కోసం చెప్తాను.

మొదటిది, దగ్గర నుంచి మొదలుపెట్టాలి. దూరపు దేశం పాట ఆకర్షణగానే ఉంటుంది. కానీ పక్క బెంచీ పిల్లాడి ఇంటి పాట తెలియకుండా బ్రెజిల్ సాంబా నేర్చుకుంటే అది టూరిజం అవుతుంది. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండగకి డప్పు కొడుతూ, గుండం చుట్టూ తిరుగుతూ హసన్ హుస్సేన్ల కథని తెలుగులో పాడతారు. పాడేవాళ్ళలో హిందువులు ఎక్కువ. ఈ ఒక్క పాటలో చరిత్ర, భాష, తాళం మూడు పాఠాలున్నాయి. లాలాగూడ, మెట్టుగూడ రైల్వే కాలనీల్లో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఉండేవి. వాళ్ళ ఇళ్ళలో పాశ్చాత్య సంగీతం, డ్యాన్సు మామూలు. అదీ మన ఏరియా సంగీతమే.

రెండోది, ఒక వాయిద్యం వెంట నడవండి. హార్మోనియం తీసుకోండి. పుట్టింది యూరప్‌లో. మన పద్య నాటకానికి అది లేకపోతే పద్యం లేవదు. ఖవ్వాలీకి కావాలి, భజనకి కావాలి, చర్చిలో కావాలి. మన గమకాలకి పనికిరాదని చెప్పి 1940లో ఆలిండియా రేడియో దాన్ని నిషేధించింది. మూడు దశాబ్దాల తర్వాత గానీ లోపలికి రానివ్వలేదు. ఏది "మనది", ఏది "పరాయిది" అని ఎవరు నిర్ణయిస్తారు? పిల్లలు ఈ ప్రశ్న అడగడం మొదలుపెడితే చాలు.

మూడోది, కలపడం పేరుతో చెరిపేయొద్దు. అన్ని పాటల్నీ ఒకే కీబోర్డు బీట్‌లో పోసి "సమైక్యతా గీతం" చేసేస్తాం మనం. అప్పుడు ఏ పాటకీ దాని రుచి ఉండదు. నౌహా దుఃఖం పాట, దానికి స్టేజి మీద చప్పట్లు కొట్టించొద్దు. బతుకమ్మ చుట్టూ తిరిగి పాడేది, వరసలో నిలబెట్టి పాడిస్తే సగం పోతుంది. విశ్వాసానికి సంబంధించిన పాటని ఏ పిల్లనీ బలవంతంగా పాడించొద్దు. వినడం నేర్పండి, తెలుసుకోవడం నేర్పండి. 1938 మనకి చెప్పింది అదే కదా.

నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైంది. పాటతో పాటు నేర్పినవాళ్ళ పేరు చెప్పండి. ఆ నానమ్మ పేరు బోర్డు మీద రాయండి. డప్పు నేర్పడానికి డప్పు కళాకారుణ్ణి, ఖవ్వాలీకి ఖవ్వాలీ పాడేవాళ్ళని బడికి పిలవండి. పిలిచినప్పుడు శాలువా కప్పి పంపకండి, గంటకి ఇంత అని డబ్బు ఇవ్వండి. మహ్ లఖా తన ఉస్తాదులకి ఇచ్చింది. మనం ఎందుకు ఇవ్వం? డప్పు కొట్టేవాళ్ళని అంటరానివాళ్ళని చేసిన సమాజం మనది. పాడే ఆడవాళ్ళని చెడ్డవాళ్ళని చేసిన సమాజం కూడా మనదే. ఆ కళని తీసుకుని మనిషిని బయట నిలబెట్టడం ఇంకా ఆగలేదు. బడి ఆ మనిషిని టీచర్ కుర్చీలో కూర్చోబెడితే, పిల్లలు ఆ రోజు నేర్చుకునేది పాట ఒక్కటే కాదు.

తార్నాక అనే పేరు తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా చోటు అనే మాటల నుంచి వచ్చిందని చెప్తారు. తీగల కంచె దగ్గర నాకా. సితార్‌లో ఉన్నది కూడా అదే తార్. ఒకే తీగతో కంచె కట్టొచ్చు, వాయిద్యమూ కట్టొచ్చు. ఏది కడతామో మన ఇష్టం.

ఈ వారం మీకో పని. మీ ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర ఒక పాట ఫోన్‌లో రికార్డు చేయండి. ముందు వాళ్ళని అడిగి, వాళ్ళు సరేనంటేనే. పాట అయ్యాక ఒక్క ప్రశ్న అడగండి: "ఇది నీకు ఎవరు నేర్పారు?" వాళ్ళు చెప్పిన పేరుతోనే ఆ ఫైల్ సేవ్ చేసుకోండి. ఆ 300 మంది పిల్లల పేర్లు మన నోట్లో లేవు. మన చేతిలో ఫోన్ ఉంది, మనం రాద్దాం.